పెన్సిలు గుర్తులున్న క్యాసెట్

బ్రిటన్ హెవీ మెటల్ రాక్ బృందం ఐరన్ మెయిడెన్ అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుంటే ఒక తగువు ఎప్పుడో అప్పుడు లేచి తీరుతుంది. మధ్యలో కొన్నేళ్లు గాయకుడిగా ఉన్న బ్లేజ్ బేలీ పాడిన రెండు ఆల్బమ్‌లను లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? ఒకటి 1995లో వచ్చిన ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’, రెండోది 1998లో వచ్చిన ‘వర్చువల్ ఎలెవెన్’. చాలామంది ఆ రెండింటినీ దాటేసి 1992 నుంచి ఒక్క గంతులో 2000కు వెళ్లిపోతారు. నేను కూడా పద్నాలుగేళ్లు అలాగే గంతేశాను. ఇప్పుడు ఎవరైనా బ్లేజ్ పేరెత్తి పెదవి విరిస్తే మాత్రం నా ప్రాణం ఒప్పుకోదు. ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే 1996 నాటి మా హాస్టల్ గది దగ్గర మొదలుపెట్టాలి.

హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. అప్పటికి నాకు తెలిసిన ఐరన్ మెయిడెన్ అంతా ఒక్క క్యాసెట్టు. మా పెద్దమ్మ కొడుకు టీడీకే తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టులో రికార్డు చేసి ఇచ్చాడు. ఒకవైపు 1982 నాటి ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’, రెండోవైపు 1984 నాటి ‘పవర్‌స్లేవ్’. ‘పవర్‌స్లేవ్’ యాభై నిమిషాలు దాటుతుంది, క్యాసెట్టు ఒకవైపు నలభై అయిదే. అందుకని పదమూడు నిమిషాలకు పైగా సాగే ఆఖరి పాట మధ్యలోనే తెగిపోయేది. నడిసముద్రంలో ఓడ నిలిచిపోయినట్టు వాద్యాలన్నీ సద్దుమణిగి, మళ్లీ గిటార్లు లేచిన కాసేపటికే ‘టక్’మని ఆగిపోయేది. ఆ పాట చివరికి ఏ తీరం చేరుతుందో నాకు రెండేళ్లపాటు తెలియదు. ఆ తెగిన చోటును కూడా పాటలో భాగమే అన్నంతగా ప్రేమించాను.

ఆ గొంతు బ్రూస్ డికిన్‌సన్‌ది. తారస్థాయికి ఎక్కి అక్కడే నిలబడి పలికే గొంతు. అభిమానులు ఆయన్ని ‘ఎయిర్ రెయిడ్ సైరన్’ అని పిలుస్తారు. నాకు ఆ వయసులో ఐరన్ మెయిడెన్ అంటే ఆ గొంతే. నిజానికి ఆ బృందాన్ని 1975లో తూర్పు లండన్‌లో మొదలుపెట్టింది బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్. మొదటి రెండు ఆల్బమ్‌లు పాడింది పాల్ డియానో. బ్రూస్ వచ్చింది 1981లో. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. తెలిసినా నా పట్టుదల ఏమీ తగ్గలేదు.

మా గదిలో ఉన్న ముగ్గురిలో ఒకడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. వాడి మేనమామ ఓడల మీద ఇంజినీరు. ఏడాదికోసారి ఆయన తీరానికి వచ్చినప్పుడు వీడికి సింగపూర్ క్యాసెట్లు దొరికేవి. ఆ ఏడు దసరా సెలవుల తర్వాత వాడు తెచ్చింది ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’. అట్ట మీద బొమ్మ చూడగానే ఒళ్లు జలదరించింది. బృందం చిహ్నమైన ఎడ్డీని ఒక యంత్రానికి బిగించి కోస్తున్నట్టు ఉంటుంది. పాత అట్టల మీది చేతిగీత బొమ్మ కాదు, నిజంగా నమూనా చేసి ఫొటో తీసినట్టు ఉంటుంది. హ్యూ సైమ్ చేసిన పని అది. లోపలి కాగితం మడతలు మడతలుగా విప్పితే మూరెడు పొడవు వచ్చేది.

రాత్రి భోజనాలయ్యాక వాడు టేప్ రికార్డర్‌లో క్యాసెట్టు పెట్టాడు. గిటార్లు లేవు, డ్రమ్స్ లేవు. చర్చిలో సాధువులు చీకట్లో నిలబడి పాడుతున్నట్టు మందంగా ఒక బృందగానం. తర్వాత మెల్లగా బేస్ గిటార్. ఆ తర్వాత ఎప్పటికో ఒక గొంతు. లోతుగా, బరువుగా, నేల మీది నుంచి లేవనంటున్నట్టు ఉంది. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ అనే ఆ పాట పదకొండు నిమిషాలు. అయిదో నిమిషానికే నేను లేచి కూర్చున్నాను.

“ఏమిటిరా ఇది? బ్రూస్ లేని మెయిడెన్ మెయిడెనేనా?”

“పూర్తిగా విను. తర్వాత తిట్టు,” అన్నాడు వాడు.

నేను పూర్తిగా వినలేదు, తిట్టడం మాత్రం పూర్తిగా తిట్టాను. వాడు ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా రాత్రులు లైటు ఆర్పాక వాక్‌మన్‌లో ఒక్కడే వినేవాడు. పాట నచ్చినప్పుడల్లా లోపలి కాగితం మీద ఆ పాట పేరు పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టేవాడు. పెన్నుతో ఎందుకు పెట్టవని అడిగితే, “మనసు మారితే చెరుపుకోవచ్చు కదా,” అన్నాడు. వాడికి మనసు మారడం నేనెప్పుడూ చూడలేదు.

సంక్రాంతి సెలవులకు ఆ క్యాసెట్టు అడిగి ఇంటికి తీసుకువెళ్లాను. వాడు అంతగా చెప్తున్నాడు కదా, ఇంకోసారి చూద్దామని. మా నాన్న రేడియో మనిషి. ఘంటసాల అంటే చెవి కోసుకునేవారు. నేను ముందుగదిలో పెట్టిన బృందగానం వినబడి వచ్చి, “ప్రార్థనా ఇది?” అని కుర్చీలో కూర్చున్నారు. గిటార్లు మొదలయ్యాక లేచిపోతారనుకున్నాను, లేవలేదు. నేను బ్రూస్ సంగతీ, ఈ కొత్త గాయకుడి సంగతీ చెప్పి, ఇతనికి పాడటం రాదని తేల్చేశాను. నాన్న కాసేపు విని అన్న మాట ఇది:

“1974లో ఘంటసాల పోయాక మేమూ ఇలాగే చేశాం. రామకృష్ణ ఏ పాట పాడినా ఘంటసాలతోనే పోల్చి చూశాం. ఆయన పాటను ఆయన పాటగా విన్నది ఎప్పుడు? చాలా ఏళ్లకు గానీ విన్లేదు. ఈ అబ్బాయికి పాడటం రాకపోవడం కాదు, వేరే వాడి చొక్కా తొడిగినట్టుంది.”

నేను పట్టించుకోలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో నాన్నకు హెవీ మెటల్ గురించి ఏమి తెలుసుననుకున్నాను. క్యాసెట్టు తిరిగి ఇచ్చేశాను.

ఇంతకీ అసలు జరిగినది ఇది. 1990లో గిటార్ వాయించే అడ్రియన్ స్మిత్ వెళ్లిపోయాడు, ఆయన స్థానంలో జానిక్ గెర్స్ వచ్చాడు. 1993 ఆగస్టులో బ్రూస్ కూడా వెళ్లిపోయాడు. మొదటి రోజుల నుంచి దాదాపు అన్ని ఆల్బమ్‌లకూ శబ్దం కూర్చిన నిర్మాత మార్టిన్ బర్చ్ 1992 తర్వాత విశ్రాంతి తీసుకున్నాడు. అదే కాలంలో స్టీవ్ హారిస్ పెళ్లి విడాకులకు వచ్చింది. అలా నాలుగువైపులా గోడలు పడిపోతున్న ఇంట్లోకి 1994లో అడుగుపెట్టినవాడు బ్లేజ్ బేలీ. బర్మింగ్‌హామ్‌లో పుట్టినవాడు, అంతకుముందు వుల్ఫ్స్‌బేన్ అనే బృందంలో పాడేవాడు. ఆ బృందం 1990లో ఐరన్ మెయిడెన్ కచేరీలకు ముందు వేదిక ఎక్కి పాడింది కూడా.

బ్లేజ్‌ది సహజంగా మంద్రంలో పలికే గొంతు. కొత్త పాటల్లో ఆ గొంతు సరిపోయింది. కష్టం కచేరీల్లో వచ్చింది. అక్కడ సగానికి పైగా బ్రూస్ పాటలే పాడాలి, అదీ బ్రూస్ శ్రుతిలోనే. మన కచేరీల్లో గాయకుడు కూర్చోగానే ముందు తన శ్రుతి చూసుకుంటాడు. తంబూరా ఆయన శ్రుతికే మీటుతారు, వయొలిన్ ఆయన శ్రుతికే కట్టుకుంటారు. ఒకటి శ్రుతిలో హాయిగా పాడేవాడిని రోజూ రాత్రి నాలుగు శ్రుతికి ఎక్కి పాడమంటే ఎవరి గొంతైనా ఏమవుతుంది? బ్లేజ్ కోసం గిటార్ల శ్రుతి దించలేదు. ఆయన గొంతు దెబ్బతిని కొన్ని కచేరీలు రద్దయ్యాయి కూడా. “పాడలేడు” అన్న మాట అక్కడ పుట్టింది. అది ఒక నిర్ణయం వల్ల వచ్చిన ఇబ్బందే గానీ ఒక మనిషి లోపం కాదని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. నాన్న చెప్పిన చొక్కా మాట సరిగ్గా ఇదే.

జనం కూడా తగ్గారు. 1992 నాటి ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ బ్రిటన్ ఆల్బమ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ ఎనిమిదితో ఆగింది. ‘వర్చువల్ ఎలెవెన్’ పదహారుతో సరిపెట్టుకుంది. అమెరికాలో పెద్ద మైదానాల్లో పాడిన బృందం చిన్న క్లబ్బుల్లో పాడాల్సి వచ్చింది.

‘వర్చువల్ ఎలెవెన్’ వచ్చినప్పుడు మేము ఆఖరి సంవత్సరానికి వస్తున్నాం. పదకొండో ఆల్బమ్, ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది. అది ప్రపంచ కప్పు సంవత్సరం. స్టీవ్ హారిస్‌కు ఫుట్‌బాల్ పిచ్చి, అవన్నీ కలిపి పెట్టిన పేరు. ఈ ఆల్బమ్ విషయంలో మా స్నేహితుడు కూడా నన్ను బలవంతపెట్టలేదు. ‘ది ఏంజెల్ అండ్ ది గాంబ్లర్’ దాదాపు పది నిమిషాలు. అందులో రెండో సగమంతా ఒకటే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. ఇప్పటికీ నేను దాన్ని పూర్తిగా కూర్చుని వినలేను. పాతవాటిని మళ్లీ వింటున్నామని అన్నీ ముత్యాలే అనడం నాకు రాదు. ఆ ఆల్బమ్‌కు సరిగ్గా కోత వేసేవాళ్లు ఎవరైనా ఉండి ఉంటే బాగుండేది. కానీ మూడు నిమిషాల్లోపే ముగిసే ‘ఫ్యూచరియల్’, బ్రిటన్‌కూ అర్జెంటీనాకూ జరిగిన ఫాక్‌లాండ్ యుద్ధంలో చనిపోయిన వారిని తలుచుకునే ఆఖరి పాట ‘కోమో ఎస్తాయిస్ అమీగోస్’ ఏ ఆల్బమ్‌లో ఉన్నా నిలబడేవి. స్కాట్లండ్ స్వేచ్ఛ కోసం పోరాడినవాడి గొంతుతో సాగే ‘ది క్లాన్స్‌మన్’ సంగతి సరేసరి. ఆ ఒక్కదాన్నీ వెతుక్కుని విన్నవాళ్లు కూడా ఆల్బమ్‌ను పక్కన పడేశారు. నేనూ వారిలో ఒకడిని.

1999 మొదట్లో బ్లేజ్ వెళ్లిపోయాడు. బ్రూస్, అడ్రియన్ ఇద్దరూ తిరిగి వచ్చారు. 2000లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’. మా స్నేహితుడు ఆ ఏడే పై చదువులకు అమెరికా ప్రయాణం కట్టాడు. విమానంలో ఇన్ని కిలోలే అని లెక్క ఉంటుంది కదా, క్యాసెట్ల అట్టపెట్టె నా చేతిలో పెట్టి, “ఇవి నీ దగ్గర ఉండనీ. పారేయకు,” అన్నాడు. నేను ఆ పెట్టెను మా ఊళ్లో అటక ఎక్కించాను.

2001 జనవరి 19న బ్రెజిల్‌లో రాక్ ఇన్ రియో ఉత్సవంలో ఐరన్ మెయిడెన్ పాడింది. మరుసటి ఏడు ఆ కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది. లక్షల మంది నిలబడ్డ ఆ మైదానంలో బ్రూస్ ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ పాడాడు, ‘ది క్లాన్స్‌మన్’ పాడాడు. అది విని లోకమంతా ఒక్కసారిగా, “ఈ పాటలు ఎంత బాగున్నాయి!” అంది. నేనూ అన్నాను. పాట మంచిదే, పాడినవాడే తక్కువ అన్నది దాని అంతరార్థం. ఆ తీర్పును సగమే ఒప్పుకోవాలని నాకు తట్టడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

మధ్యలో 2007 మార్చి 17. ఆ తేదీ ఈ దేశంలో మెటల్ వినే నా తరం వాళ్లెవరూ మరచిపోరు. ఐరన్ మెయిడెన్ మొదటిసారి భారతదేశానికి వచ్చింది, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. నేను ముందురోజు సాయంత్రం కాచిగూడలో రైలెక్కాను. నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం నుంచే వరసలు. ఎర్రమట్టి ధూళి, ఎండ, వేల మంది నల్ల చొక్కాలు. నా ముందు నలుగురు కుర్రాళ్లు షిల్లాంగ్ నుంచి వచ్చామన్నారు, మూడు రోజుల ప్రయాణం. అందులో ఒకడి చొక్కా మీద యంత్రానికి బిగించిన ఎడ్డీ! ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ చొక్కా. నేను దాని వైపు చూడటం గమనించి, ఆ అబ్బాయి నవ్వి, ఆ బృందగానం మెల్లగా అందుకున్నాడు. మిగతా ముగ్గురూ కలిశారు. మాటలు లేని రాగం, ఎర్రటి ఎండలో, బారికేడ్ల మధ్య. నాకు మా హాస్టల్ గది, ఆర్పిన లైటు, వాక్‌మన్‌లోంచి బయటికి కారే సన్నని శబ్దం గుర్తొచ్చాయి. అక్కడే నిలబడి ఉండాల్సినవాడు డాలస్‌లో ఉన్నాడు.

ఆ సాయంత్రం బ్లేజ్ కాలం పాట ఒక్కటీ పాడలేదు. కచేరీ గురించి చెప్పడం మొదలుపెడితే ఇంకో వ్యాసం అవుతుంది. ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’కు ఆ మైదానమంతా గిటార్ స్వరాన్ని నోటితో పాడిందని మాత్రం చెప్తాను. తిరుగు ప్రయాణంలో నా గొంతు మూడు రోజులు రాలేదు. కానీ రైలు కిటికీ దగ్గర కూర్చుని నేను తలుచుకున్నది ఆ నలుగురు కుర్రాళ్ల పాటనే.

2010లో నాన్న పోయారు. దినవారాలు అయిపోయి నేను మళ్లీ హైదరాబాద్ వచ్చి పనిలో చేరాను. అప్పట్లో అమెరికా వేళలకు సరిపోయే రాత్రి షిఫ్టు. ఆఫీసు క్యాబ్ నన్ను ఇంటి దగ్గర దించేసరికి రోజూ రెండు దాటేది. తాళం తీసి, చెప్పులు విడిచి, అన్నం కంచం ముందు పెట్టుకుని టీవీ శబ్దం లేకుండా చూస్తూ కూర్చునేవాడిని. ఎవరితోనూ మాట్లాడాలని ఉండేది కాదు. పాటలు కూడా సహించేవి కావు. నాకు ప్రాణమైన ‘పవర్‌స్లేవ్’ పెడితే ఆ ఉత్సాహం అంతా పక్కింటి పెళ్లి బాజాలా వినిపించేది.

అలాంటి ఒక రాత్రి క్యాబ్‌లో ఎందుకో ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ పెట్టుకున్నాను. బహుశా నాన్న ఆ కుర్చీలో కూర్చుని విన్న పాట కాబట్టి. ఫోనులో డెబ్బై ఒక్క నిమిషాల ఆల్బమ్, పొడవైన దారి, కిటికీలోంచి ఖాళీ ఫ్లైఓవర్. చివరి నుంచి రెండో పాట ‘టూ ఏ.ఎం.’. రాత్రి రెండు గంటలకు పని నుంచి ఇంటికి వచ్చి, టీవీ ముందు ఒంటరిగా కూర్చుని, ఈ బతుకు ఇంతేనా అనుకునే మనిషి పాట అది. హాస్టల్లో నేను దాన్ని వినకుండానే దాటేశాను. ఆ రోజు మా వీధి మొగలో క్యాబ్ ఆగినా దిగలేకపోయాను. డ్రైవరు వెనక్కి తిరిగి, “సార్, వచ్చేశాం,” అన్నాడు. “ఒక్క నిమిషం,” అన్నాను. అతను ఏమీ అడగకుండా ఇంజిన్ ఆపేశాడు. ఆ పాట అయిపోయాక దిగాను.

ఆ పాటను బ్రూస్ గొంతులో ఊహించుకుని చూశాను, కుదరలేదు. బ్రూస్ గొంతు గెలిచే గొంతు. ఎంత చీకటి పాట పాడినా చివరికి కొండెక్కి జెండా పాతేస్తుంది. రెండు గంటల రాత్రి ఖాళీ ఇంట్లో కూర్చున్నవాడికి కొండా లేదు, జెండా లేదు. అతనికి కావలసింది బ్లేజ్ గొంతు. కింద మొదలై, పైకి ఎక్కాలని చూసి, కొద్దిగా జారి, అయినా వదలని గొంతు. నేను లోపమనుకున్న ఆ జారుడే ఆ ఆల్బమ్‌కు ప్రాణం.

తర్వాతి నెలల్లో ఆ ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినే కొద్దీ దాని పద్ధతి బోధపడింది. దాదాపు ప్రతి పాటా గుసగుసలా మొదలవుతుంది. ఒంటరి బేస్ గిటార్, లేదా శుభ్రమైన గిటార్ తీగ, దాని పక్కన గొంతు. ఇది నిదానమని, అన్నీ ఒకేలా ఉన్నాయని విమర్శ ఉంది. నిజమే, వరుసగా పదకొండు పాటలు అలా వినడానికి ఓపిక కావాలి. కానీ ఆ నిశ్శబ్దంలో జరిగేది వినండి. ‘ఫార్చూన్స్ ఆఫ్ వార్’లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు ఇంట్లో కూర్చుని లోపలి శబ్దాలతో పోరాడుతున్నాడు. ‘ది ఆఫ్టర్‌మాత్’ మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో, విషవాయువులో, దున్నే పొలాలు బురదైపోయిన చోట నిలబడి, ఇదంతా ఎవరి కోసం అని అడుగుతుంది. ఐరన్ మెయిడెన్ యుద్ధం గురించి బోలెడు పాటలు రాసింది. గుర్రపు డెక్కల్లాంటి బేస్ మీద రొమ్ము విరుచుకుని పరిగెత్తే పాటలు అవి. యుద్ధం అయిపోయాక మిగిలినవాడి గురించి రాసింది ఎక్కువగా ఇక్కడే.

‘జడ్జిమెంట్ ఆఫ్ హెవెన్’ను స్టీవ్ హారిస్ ఒక్కడే రాశాడు. బతకాలా వద్దా అన్న ఆలోచన అందులో ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది. విడాకుల కాలంలో ఒక మనిషి తన ఇంటి ఆవరణలోని స్టూడియోలో కూర్చుని రాసుకున్న మాటలవి. ఎసెక్స్‌లో తన ఇంటి దగ్గరి పాత కొట్టాన్ని ఆయన స్టూడియోగా మార్చుకున్నాడు. బర్చ్ లేడు కాబట్టి శబ్దం మీద మెరుగు లేదు. నైజెల్ గ్రీన్‌తో కలిసి హారిస్ తానే చూసుకున్నాడు. డ్రమ్స్ పొడిగా, గొంతు చెవికి మరీ దగ్గరగా, బేస్ అన్నిటికంటే ముందు. గదిలో ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంకో నిర్మాత అయితే దీన్ని ఇంకాస్త నిండుగా చేసి ఉండేవాడు, ఆ నిండుదనంలో ఈ దుఃఖం మునిగిపోయేది.

ఇక ‘సైన్ ఆఫ్ ది క్రాస్’. రియోలో బ్రూస్ పాడినది మహోన్నతం, అందులో సందేహం లేదు. మూడు గిటార్లు, జనసముద్రం, నడుమ వీరుడిలా నిలబడ్డ గాయకుడు. ఆయన పాడితే అది యుద్ధానికి వెళ్తున్న పాట. బ్లేజ్ పాడితే అది శిక్షకు నడుస్తున్న మనిషి పాట. మొదట్లో ఆ సాధువుల గానం తర్వాత వచ్చే గొంతు భయపడుతున్నదై ఉండాలి. బ్లేజ్ గొంతులో ఆ భయం ఉంది. రెండూ నా దగ్గర ఉన్నాయి, ఒకటే ఉంచుకోమంటే నేను 1995 నాటిదే ఉంచుకుంటాను.

అలా ఒకదాని వెనక ఒకటి పక్కన పెట్టినవన్నీ మళ్లీ తీశాను. 1990 నాటి ‘నో ప్రేయర్ ఫర్ ది డైయింగ్’ కూడా విన్నాను. అదీ ఆ కొట్టంలోనే, రోలింగ్ స్టోన్స్ వాళ్ల సంచార స్టూడియో బండిని తెచ్చి రికార్డు చేశారు. బ్రూస్ కావాలని గొంతు గరగరలాడించిన ఆల్బమ్. ఐరన్ మెయిడెన్‌కు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన ఏకైక సింగిల్, అంటే విడిగా విడుదల చేసిన పాట, ఇందులోనిదే. అయినా నాకు ఆ ఆల్బమ్ మళ్లీ విన్నా పెద్దగా పట్టలేదు. ‘మదర్ రష్యా’లోని ఆ రాగం ఒక్కటి ఉంచుకున్నాను. మళ్లీ వినడమంటే ఇదీ జరుగుతుంది.

2018లో మొదలైన ‘లెగసీ ఆఫ్ ది బీస్ట్’ యాత్రలో బృందం ‘సైన్ ఆఫ్ ది క్రాస్’నూ, ‘ది క్లాన్స్‌మన్’నూ మళ్లీ వేదిక ఎక్కించింది. పెద్ద పెద్ద ప్రసిద్ధ పాటల మధ్య బ్లేజ్ కాలం నుంచి రెండు. ఒకప్పుడు ఆ కాలమే లేదన్నట్టు నడుచుకున్న జనం వాటికి గొంతు కలుపుతున్న వీడియోలు ఫోనులో చూస్తూ నాకు కళ్లు చెమర్చాయి. బ్లేజ్ మాత్రం ఆ ఇన్నేళ్లూ చిన్న వేదికల మీద, తన సొంత బృందంతో, తన శ్రుతిలో పాడుతూనే ఉన్నాడు. 2000లో వచ్చిన ఆయన సొంత ఆల్బమ్ ‘సిలికాన్ మెసయ్య’ విన్నవాళ్లు ఎవరూ ఆయన పాడలేడని అనరు. ఆ గొంతు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే ఏమవుతుందో అందులో తెలుస్తుంది.

2023 మార్చిలో బ్లేజ్‌కు గుండెపోటు వచ్చిందని, ఆ తర్వాత బైపాస్ శస్త్రచికిత్స జరిగిందని వార్త చదివాను. ఆ రోజు ఇంకేమీ పని చేయలేకపోయాను. సాయంత్రం డాలస్‌కు ఫోను చేశాను, అక్కడ తెల్లవారుజాము. వాడూ వార్త చదివే ఉన్నాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

“ఒరేయ్, నీకు ఒక మాట చెప్పాలి,” అన్నాను. “ఇరవై ఏడేళ్లు ఆలస్యంగా చెప్తున్నాను. నువ్వు చెప్పినట్టు పూర్తిగా విన్నాను. నీదే నిజం.”

“ఎప్పుడు విన్నావు?”

“నాన్న పోయాక.”

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మా నాన్న చొక్కా మాట వాడికి చెప్పాను. అది వాడికి తెలియదు. “ఆయన అంత చక్కగా చెప్పారని నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదురా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

ఆ వేసవిలో ఊరు వెళ్లి అటక మీది అట్టపెట్టె దించాను. క్యాసెట్టు అలాగే ఉంది. డబ్బా మీద సన్నని పగులు, లోపలి కాగితం మడతల దగ్గర తెల్లబడింది. పెన్సిలు గుర్తులు చెరిగిపోలేదు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. పది పాటలకు గుర్తులున్నాయి. ‘టూ ఏ.ఎం.’ పక్కన రెండు. గుర్తు లేనిది ఒక్కటే, ఆఖరి పాట ‘ది అన్‌బిలీవర్’. నాకేమో ‘టూ ఏ.ఎం.’ తర్వాత ఇంకా ఏదైనా వినగలిగిన రాత్రుల్లో చేయి పట్టుకుని లేపింది ఆ పాటే. ముందు తడబడుతూ నడిచి, మధ్యలో ఒక్కసారిగా తలుపులు తెరుచుకున్నట్టు గాలి ఆడుతుంది.

వెంటనే ఫొటో తీసి పంపాను. పది నిమిషాల్లో వాడే ఫోను చేశాడు.

“దానికి ఎందుకు పెట్టలేదు?” అన్నాను.

“ఆ తాళం నాకు ఎప్పుడూ కుదరలేదురా. కుంటుతుంది.”

“కుంటడం కాదు, అది అలాగే ఉండాలి. విశ్వాసం పోయినవాడు తిన్నగా నడుస్తాడా?”

“నువ్వు నాకు ఎక్స్ ఫ్యాక్టర్ గురించి చెప్తున్నావా!” అన్నాడు. వాడి నవ్వు హాస్టల్లో ఉన్నప్పటిలాగే ఉంది. తర్వాత గంటసేపు ఆ ఒక్క పాట మీద వాదించుకున్నాం. వాడు ఒప్పుకోలేదు, నేను తగ్గలేదు.

“అయితే నేనే పెడుతున్నాను గుర్తు,” అన్నాను చివరికి.

“వద్దు, ఆగు,” అన్నాడు. “డిసెంబరులో వస్తున్నాను. టేప్ రికార్డర్ ఎక్కడైనా బాగు చేయించి పెట్టు. ఇద్దరం కలిసి మొదటి నుంచి విందాం. అప్పటిదాకా పెన్సిలు ముట్టుకోకు.”